బియ్యం కార్డు ఉన్న నాన్నకు స్టెంట్ వేయించాలంటే లక్షా ఎనభై వేలు అప్పు చేయాలా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. నాన్నకు 58 ఏళ్లు, పల్నాడులో కౌలు వ్యవసాయం. రెండు నెలలుగా బరువు ఎత్తినా, గబగబా నడిచినా ఛాతీ పట్టేస్తోంది, కూర్చుంటే తగ్గుతోంది. ఊళ్లో ఆర్ఎంపీ తనకు తెలిసిన ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఈసీజీ, ఎకో తీసి, యాంజియోగ్రామ్ (గుండె రక్తనాళాల్లో అడ్డు ఉందేమో చూసే పరీక్ష) చేయాలి, స్టెంట్ (ఆ నాళం మూసుకుపోకుండా లోపల పెట్టే చిన్న గొట్టం) పడొచ్చు, లక్షా ఎనభై వేలు సిద్ధం చేసుకోండి అన్నారు. ఇంట్లో బియ్యం కార్డు ఉంది. మీరు హైదరాబాద్‌లో ఒక గోడౌన్‌లో పద్దెనిమిది వేల జీతానికి పనిచేస్తున్నారు. అప్పు తేవాలా, ఆరోగ్యశ్రీ పథకంలో అవుతుందా, గవర్నమెంట్ ఆసుపత్రిని నమ్మొచ్చా, ఆ తర్వాత నెలనెలా మందులు ఎలా కొనాలి అన్నవి మీ ప్రశ్నలు.

నేను డాక్టర్‌ని కాను. ఆరోగ్యశ్రీ కౌంటర్‌లో కూర్చుని మీలాంటి కుటుంబాల కాగితాలు చూడటమే చాలా ఏళ్లు నా ఉద్యోగం. కాబట్టి వైద్యం సంగతి తక్కువ, డబ్బు సంగతి ఎక్కువ చెబుతాను. అప్పు ఇప్పుడే తేకండి. ముందు ఇది పూర్తిగా చదవండి.

అన్నిటికంటే ముందు ఒక హెచ్చరిక. నాన్నకు కూర్చున్నా, పడుకున్నా నొప్పి వచ్చినా, పావుగంట దాటినా తగ్గకపోయినా, చెమటలు పట్టి ఎడమ చేతికో దవడకో లాగినా ఈ కాగితాలు, కౌంటర్లు అన్నీ పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. ఆటోలో ప్రైవేటు ఆసుపత్రులు వెతుక్కుంటూ తిరగొద్దు. గుండెపోటు అయితే గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్‌ను స్టెమీ అనే గుండెపోటు చికిత్స కార్యక్రమం కింద ప్రభుత్వ ఏరియా ఆసుపత్రుల్లోనే ఉచితంగా ఇస్తున్నారు. బయట కొనాలంటే దాని ఖరీదు వేలల్లో ఉంటుంది. అక్కడ ఈసీజీ తీస్తే పెద్దాసుపత్రిలోని గుండె డాక్టర్లు దాన్ని చూసి, ఇవ్వమనో వద్దనో చెబుతారు. ఇంజెక్షన్ తర్వాత పెద్దాసుపత్రికి పంపిస్తారు. ఆ గంటలో దగ్గర్లో ఉన్న ఆసుపత్రే మంచి ఆసుపత్రి. ప్రమాదంలో ఉన్న మనిషిని డబ్బు కట్టలేదనో, కాగితాలు లేవనో వెనక్కి పంపకూడదని, ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం నిలబెట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది.

ఇప్పుడు మీ పరిస్థితికి వద్దాం. నడిస్తే వచ్చి, ఆగితే తగ్గే నొప్పి అంటున్నారు కాబట్టి ఊపిరి పీల్చుకుని ఆలోచించే వ్యవధి సాధారణంగా ఉంటుంది. అలాగని వారాలు గడపకండి. అదే పనికి ముందుకన్నా తొందరగా వస్తున్నా, ఎక్కువసేపు ఉంటున్నా అదే రోజు గుండె డాక్టర్‌కు చూపించండి. "రేపే స్టెంట్ వేయాలి, లేకపోతే చెప్పలేం" అన్న మాటకు భయపడి రాత్రికి రాత్రి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చిన కుటుంబాలను చాలా చూశాను. నిలకడగా ఉన్న నొప్పికి మందులతో పాటు స్టెంట్ వేసినా, ముందు మందులతోనే చూసినా మరణాల్లో పెద్ద తేడా కనిపించలేదని 2007లో వచ్చిన కరేజ్, 2020లో వచ్చిన ఇస్కీమియా అనే పెద్ద అధ్యయనాలు చెప్పాయి. స్టెంట్ వల్ల నొప్పి బాగా తగ్గుతుంది, అది నిజమే. ప్రధాన రక్తనాళంలోనే బ్లాక్ ఉన్నా, గుండె పంపింగ్ బాగా తగ్గినా లెక్క వేరు. కాబట్టి గుండె డాక్టర్‌ను సూటిగా అడగండి: "సార్, ఇది అత్యవసరమా? మందులతో కొన్నాళ్లు చూడొచ్చా?" ఆ జవాబు స్టెంట్ బిల్లుతో సంబంధం లేని డాక్టర్ నుంచి వస్తే ఇంకా మంచిది. ఈసీజీ, ఎకో రిపోర్టులు మీ దగ్గర ఉన్నాయిగా, వాటిని తీసుకెళ్లి చూపించండి. ఆ ఆసుపత్రివాళ్లు ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్య మండలి నియమావళిలోనే ఉంది.

ఆర్ఎంపీల గురించి ఒక మాట. అర్ధరాత్రి తలుపు కొట్టినా లేచేది వాళ్లే, అందుకని తిట్టను. కానీ పేషెంట్‌ను తెచ్చినందుకు కొన్ని ఆసుపత్రులు వాళ్లకు కమీషన్ ఇస్తాయన్నది మన ఊళ్లల్లో అందరికీ తెలిసిన రహస్యం. ఆ కమీషన్ కూడా మీ బిల్లులోంచే వస్తుంది. ఏ ఆసుపత్రికి వెళ్లాలన్నది ఆయన చేతిలో పెట్టకండి. ఆయన మనసు నొచ్చుకుంటుందని మొహమాటపడితే ఆ మొహమాటం ఖరీదు వేలల్లో ఉంటుంది.

ఇక పథకం. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీయే ఇప్పుడు ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పేరుతో నడుస్తోంది. కౌంటర్‌లో ఉండే మనిషిని ఒక ప్రభుత్వంలో ఆరోగ్యమిత్ర అంటారు, ఇంకో ప్రభుత్వంలో వైద్యమిత్ర అంటారు. కుర్చీ అదే. 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి పరిమితిని తెలంగాణ 10 లక్షలకు, ఆంధ్ర 25 లక్షలకు పెంచాయి. స్టెంట్ వేయడం ఈ పథకంలో మొదటి నుంచీ బాగా వాడుకలో ఉన్న చికిత్సల్లో ఒకటి. అంటే మీ నాన్న స్టెంట్‌కు పరిమితి చాలదేమో అన్న బెంగ అక్కర్లేదు. డబ్బు పోయేది అక్కడ కాదు, ఆ ముందూ, ఆ తర్వాతా.

ముందు ఎలా పోతుందో చెబుతాను. ఒక పొద్దున నేను డ్యూటీకి వచ్చేసరికి ఓ తల్లీకొడుకూ కౌంటర్ ముందు నిలబడి ఉన్నారు. తండ్రిని ముందు రోజు సాయంత్రం ఎమర్జెన్సీలో చేర్చారు. రిసెప్షన్‌లో డిపాజిట్ కట్టమంటే కొడుకు తల్లి చెవి కమ్మలు తాకట్టు పెట్టి కట్టాడు. రాత్రంతా ఐసీయూ, రక్త పరీక్షలు, మందులు, అన్నీ క్యాష్ బిల్లులే. రేషన్ కార్డు మాత్రం ఆవిడ కొంగున ముడిలో భద్రంగా ఉంది. "కార్డుందని చెప్పలేదా అమ్మా?" అని అడిగితే ఆవిడ అన్న మాట ఇది: "ఎంత కట్టగలరు అని అడిగారు నాయనా, కార్డుందా అని ఎవరూ అడగలేదు." అప్పటికే కట్టిన డబ్బును వెనక్కి ఇప్పించడం మహా కష్టం, ఎందుకంటే పథకం కింద కేసు నమోదు కాకముందు అయిన ఖర్చును ఆసుపత్రి "అది మీరు క్యాష్ పేషెంట్‌గా ఒప్పుకున్నదే" అంటుంది. క్యాష్ పేషెంట్‌గా చేరాలో, పథకం పేషెంట్‌గా చేరాలో తేలేది ఆ మొదటి కాగితం మీదే.

అందుకని ఆసుపత్రిలో అడుగు పెట్టగానే రిసెప్షన్‌కు కాదు, నేరుగా పథకం డెస్క్‌కు వెళ్లండి. నెట్‌వర్క్ ఆసుపత్రి, అంటే పథకంలో చేరిన ఆసుపత్రి అన్నాక ఆ డెస్క్ కనబడేలా ఉండాలి. బియ్యం కార్డు, నాన్న ఆధార్, పాత రిపోర్టులు, ఆధార్‌తో లింకైన ఫోను వెంట ఉంచుకోండి. కార్డులో నాన్న పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఇంట్లోనే చూసుకోండి. ఇంటిపేరు ముందూ వెనకా అయినా, పుట్టిన సంవత్సరం తేడా ఉన్నా కౌంటర్ దగ్గర సగం రోజు పోతుంది. సచివాలయంలో ఇప్పుడే సరిచేయించుకుంటే ఆ రోజు టెన్షన్ ఉండదు. డెస్క్‌లో నమోదు చేశాక డాక్టర్ చూస్తారు, పరీక్షలు చేస్తారు, ఆ రిపోర్టులను పథకాన్ని నడిపే ట్రస్టుకు ఆన్‌లైన్‌లో పంపి ముందస్తు అనుమతి అడుగుతారు. అక్కడి డాక్టర్లు చూసి ఓకే అంటేనే ఆపరేషన్. ప్రాణం మీదికి వచ్చిన కేసుల్లో ఫోన్‌లోనే అనుమతి తీసుకునే వీలుంది, కాబట్టి "అప్రూవల్ వచ్చేదాకా మీరే కట్టండి" అన్న మాటకు తల ఊపకండి.

యాంజియోగ్రామ్ దగ్గర జాగ్రత్త. స్టెంట్ పడితే యాంజియోగ్రామ్ ఖర్చు ప్యాకేజీలో, అంటే ఆ చికిత్సకు పథకం ఆసుపత్రికి కట్టే మొత్తంలో కలిసిపోతుంది. బ్లాక్ లేదని తేలితే ఎవరు కట్టాలి? ఈ ఒక్క ప్రశ్న మీద జరిగే గొడవలు అన్నీ ఇన్నీ కావు. నాన్నను లోపలికి తీసుకెళ్లే ముందే డెస్క్‌లో అడిగి, వీలైతే ఆసుపత్రివాళ్ల ముందే ఆ జవాబు చెప్పించండి.

కొన్ని చోట్ల ఇంకో పాట పాడతారు: "పథకంలో వచ్చేది మామూలు స్టెంట్, మంచిది కావాలంటే పైన డబ్బు కట్టండి." నేనైతే ఒక్క రూపాయి కట్టొద్దంటాను. మందు పూత స్టెంట్ ధర ఒకప్పుడు లక్ష దాటేది. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ధరల నియంత్రణ సంస్థ దాన్ని సుమారు 30 వేల దగ్గర కట్టడి చేసింది. ఆ తర్వాత టోకు ధరల సూచీని బట్టి కొంచెం పెరిగింది, అంతే. లక్షలు అవుతుంది అంటే అది స్టెంట్ ధర కాదు, మిగతా బిల్లు. పథకం పేషెంట్ దగ్గర ప్యాకేజీలో ఉన్న చికిత్సకు అదనంగా వసూలు చేయడం నిబంధనలకు విరుద్ధం. అడిగితే రసీదు ఇవ్వమనండి. రసీదు అనే మాట వినగానే సగం మంది వెనక్కి తగ్గుతారు. తగ్గకపోతే 104కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి, ఆ నంబరు రాసుకోండి. జిల్లాలో పథకం కోఆర్డినేటర్ ఉంటారు, ఆయన నంబరు డెస్క్ దగ్గర బోర్డు మీద ఉండాలి.

డిశ్చార్జి రోజు కూడా ఓపిక పట్టండి. చికిత్సతో సంతృప్తిగా ఉన్నాం, దారి ఖర్చులు ముట్టాయి అంటూ కాగితాల మీద సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. మందులు చేతికి రాకముందు, దారి ఖర్చు అందకముందు, ఖాళీ కాగితం మీద అసలే సంతకం పెట్టొద్దు. చదువు రాని పెద్దవాళ్లను ఒంటరిగా కూర్చోబెట్టి వేలిముద్రలు వేయించుకోవడం కళ్లారా చూశాను. ఆ రోజు మీరు సెలవు పెట్టి వెళ్లండి.

ఏ ఆసుపత్రి అంటే, మీకు దగ్గర్లో గుంటూరు జీజీహెచ్, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రి ఉంది. గవర్నమెంట్ అనగానే ముక్కు మూసుకునేవాళ్లకు ఒక సంగతి చెబుతాను: డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం 2016లో గుండె మార్పిడి చేసింది ఆ ఆసుపత్రిలోనే. క్యూలు ఉంటాయి, మంచం కోసం గొడవలు ఉంటాయి, పరీక్షకోసారి తిరగాలి, వెంట ఒక మనిషి తప్పనిసరిగా ఉండాలి, ఇవన్నీ నిజం. కానీ అక్కడ మీ నాన్నకు స్టెంట్ వేయాల్సిందే అని ఒత్తిడి చేసేవాడు ఉండడు. పైగా ప్రభుత్వ ఆసుపత్రిలో కూడా పథకం కిందే కేసు నమోదు చేస్తారు, దానికి ఆసుపత్రికి డబ్బు వస్తుంది. అందుకని అక్కడ కూడా కార్డు చూపించండి. మంగళగిరి ఎయిమ్స్ ఇంకో దారి. 2019 నుంచి ఓపీ నడుస్తోంది. రెండో అభిప్రాయానికి మొదట అక్కడికే వెళ్లమంటాను, ఓపీ చీటీ పది రూపాయలకే మొదలైంది కాబట్టి కాదు, రిపోర్టులు చూసి తీరిగ్గా మాట్లాడతారు కాబట్టి.

హైదరాబాద్ తీసుకొస్తే మీకు దగ్గర్లో ఉంటారన్న ఆలోచన అర్థమైంది. కానీ ఆంధ్ర కార్డు హైదరాబాద్‌లో ప్రతి ఆసుపత్రిలో చెల్లదు. ఆంధ్ర ట్రస్టు జాబితాలో ఉన్న వాటిలోనే, ఒప్పుకున్న చికిత్సలకే చెల్లుతుంది. బస్సు ఎక్కే ముందు 104లో అడిగి ఆసుపత్రి పేరు ఖాయం చేసుకోండి. ఇంకొకటి, బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రుల సంఘాలు అప్పుడప్పుడు పథకం సేవలు ఆపేస్తుంటాయి. అలాంటి రోజుల్లో ప్రైవేటు ఆసుపత్రి వాకిట్లో ధర్నా చేయడం కన్నా గుంటూరు బస్సు ఎక్కడం మేలు.

ఒకవేళ నాన్నకు కావాల్సిన చికిత్స జాబితాలో లేదని తేలితే ముఖ్యమంత్రి సహాయ నిధి ఉంది. ఆపరేషన్‌కు ముందే అయితే ఎల్ఓసీ, అంటే ఖర్చు ఇస్తామని ఆసుపత్రికి ముందే ఇచ్చే హామీ పత్రం అడగాలి, అయిపోయాక అయితే ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీతో దరఖాస్తు పెట్టాలి. సాధారణంగా ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా వెళ్తుంది. పెట్టిన ఖర్చంతా తిరిగి వస్తుందని లెక్క వేసుకుని అప్పు చేయకండి, ఒక భాగమే వస్తుంది, అదీ ఆలస్యంగా. మీ ఇంట్లో 70 దాటిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్‌లో ఐదు లక్షల వరకు ఉంది, ఆ కార్డు ఇప్పుడే తీసిపెట్టుకోండి. వివరాలకు 14555.

ఇక మందులు. నిజం చెప్పాలంటే నాకు ఆపరేషన్ కన్నా దీని గురించే ఎక్కువ భయం. పథకం డిశ్చార్జి తర్వాత కొద్ది రోజుల మందులతో దాదాపు చేతులు దులుపుకుంటుంది, కొన్ని జబ్బులకే తర్వాతి చెకప్‌లు, మందులు ఇస్తుంది. దేశం మొత్తం మీద 2013-14లో వైద్య ఖర్చులో 64 శాతం జనం జేబులోంచే పోయేది, 2021-22 నాటికి అది 39 శాతానికి దిగిందని జాతీయ ఆరోగ్య ఖాతాలు చెబుతున్నాయి. దిగినా అందులో పెద్ద వాటా ఇలాంటి ఓపీ ఖర్చులు, మందుల షాపు బిల్లులే.

స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా రెండు మాత్రలు ఇస్తారు, మామూలుగా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్. మొదటి నెలల్లో వీటిని ఒక్క రోజు కూడా ఆపకూడదు. ఆపితే స్టెంట్‌లోనే గడ్డ కట్టి గుండెపోటు రావచ్చు. పత్తి తీతల సమయంలో డబ్బులు లేక మాత్రలు మానేసి, తిరిగి ఎమర్జెన్సీలో వచ్చినవాళ్లున్నారు. పళ్లు తీయించుకోవాలన్నా సరే, గుండె డాక్టర్‌ను అడక్కుండా ఆపొద్దని నాన్నకు గట్టిగా చెప్పండి.

అయితే ఇవి ఖరీదైన మందులు కావు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్‌కు ఇచ్చే అటోర్వాస్టాటిన్, మెటోప్రొలాల్, అన్నీ పాత మందులే, పేటెంట్లు ఎప్పుడో పోయాయి. చీటీ మీద బ్రాండ్ పేరు రాసి ఉంటుంది, దాంతో జన ఔషధి షాపుకు (బ్రాండ్ పేరు లేని మందులు చౌకగా అమ్మే ప్రభుత్వ పథకం షాపు) వెళ్తే లేదంటారు. డాక్టర్ దగ్గరే "సార్, లోపల ఉన్న మందు పేరు కూడా రాయండి" అని అడగండి. మాత్ర అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉండేది అదే. జన ఔషధి సుగమ్ యాప్‌లో ఆ పేరు కొడితే ధరా, దగ్గర్లోని షాపూ కనబడతాయి. బ్రాండ్ ధరలో సగానికో, అంతకంటే ఇంకా తక్కువకో వస్తాయి. దానికన్నా ముందు మీ పీహెచ్‌సీలో అడగండి. బీపీ, షుగరు మందులతో పాటు వీటిలో కొన్ని అక్కడ ఉచితంగానే దొరుకుతాయి, ఏరియా ఆసుపత్రిలో ఇంకా ఎక్కువ దొరుకుతాయి. నెల మొదట్లో వెళ్లండి, నెలాఖరుకు స్టాకు అయిపోతుంది. ఆసుపత్రివాళ్లు తమ ఫార్మసీలోనే కొనాలని బలవంతం చేస్తే కుదరదనండి. ఎక్కడ కొనాలో ఎంచుకునే హక్కు పేషెంట్‌దేనని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారు చేసిన రోగుల హక్కుల పత్రంలో స్పష్టంగా ఉంది.

చివరగా, మీరు పట్టించుకోని ఒక సంగతి మీ ప్రశ్నలోనే ఉంది. గోడౌన్‌లో పద్దెనిమిది వేల జీతం అన్నారు. నెల జీతం 21 వేల లోపు ఉండి, మీ సంస్థ ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) పరిధిలో ఉంటే మీ జీతంలో 0.75 శాతం కోసి, యజమాని 3.25 శాతం కలిపి కట్టాలి. జీతం స్లిప్పు తీసి చూడండి. అందులో ఈఎస్ఐ అని నూటా ముప్పై ఐదు రూపాయల చుట్టుపక్కల కోత ఉంటే మీకు ఈఎస్ఐ ఉన్నట్టే. కాంట్రాక్టర్ కింద ఉన్నా అది వర్తిస్తుంది. కోత లేకపోతే హెచ్ఆర్‌ను అడగండి, కోసి కట్టడం లేదన్న అనుమానం ఉంటే ఈఎస్ఐ ఆఫీసులో మీ నంబరు మీద చందా పడుతోందో లేదో కనుక్కోవచ్చు.

ఈఎస్ఐలో మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం ఉంటుంది, వాళ్ల ఆదాయం నెలకు 9 వేలు దాటకూడదు. కౌలు మీద బతికే నాన్నకు ఆ షరతు అడ్డు రాకపోవచ్చు. పథకం ఇవ్వని ఓపీ, నెలవారీ మందులు ఇది ఇస్తుంది. కుటుంబం వేరే ఊళ్లో ఉంటే అక్కడి డిస్పెన్సరీకి రాయించుకునే వీలు కూడా ఉంది. సూపర్ స్పెషాలిటీ చికిత్సకైతే కొంతకాలం చందా కట్టి ఉండాలన్న షరతు ఉంది, మీరు ఎప్పుడు చేరారో చూసుకోండి. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు: ఈఎస్ఐ ఉన్నవాళ్లకు అదే చికిత్సకు రాష్ట్ర పథకం వర్తించదనే నిబంధన ఉంది. కాబట్టి నాన్న పేరు ఎక్కించే ముందు రెండు చోట్లా, అంటే ఈఎస్ఐ ఆఫీసులోనూ పథకం డెస్క్‌లోనూ అడిగి, స్టెంట్ దేని కింద చేయించాలో తేల్చుకోండి. జీతం స్లిప్పులో ఏముందో, ఎయిమ్స్‌లో డాక్టర్ ఏమన్నారో రాయండి. ఏ కాగితం ముందు పెట్టాలో అప్పుడు చెబుతాను.